కొండ, కిటికీ, కార్యాలయం: హైదరాబాదులో హరిత కార్యాలయ భవనాల చరిత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పనిచేసే చోట గాలి, వెలుతురు, చల్లదనం ఎవరి అధీనంలో ఉన్నాయి? ఈ ప్రశ్న ఆధారంగా హైదరాబాదు కార్యాలయ భవనాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వసారాలు, మండువాలు గల పాత కట్టడాలు, ఫిల్మ్ నగర్ - జూబ్లీహిల్స్ ప్రాంతపు సినిమా పనిగదులు, హైటెక్ సిటీ అద్దాల మేడలు, 2004లో కొత్తగూడలో ప్రారంభమైన హరిత వ్యాపార కేంద్రం ఇందులో ప్రధానాంశాలు. కొత్తగూడ భవనం పాత నిర్మాణ విజ్ఞానాన్ని కార్యాలయంలోకి తిరిగి తెచ్చింది. అయితే దాని తరువాత నగరంలో ఎక్కువగా వ్యాపించినది ఆ విజ్ఞానం కాదు, దానిని కొలిచిన పాయింట్ల పట్టిక. ఆ పట్టికకు అందని చిన్న కార్యాలయాల స్థితి ఏమిటన్నది వ్యాసం చివర చర్చకు వస్తుంది.

కీలక పదాలు: హరిత భవనం, హైదరాబాదు, ఫిల్మ్ నగర్, వాస్తుకళ, వాయుప్రసరణ, ఉద్యోగుల ఆరోగ్యం, లీడ్, జాలీ, మండువా.

1. ఉపోద్ఘాతం

2004 జూలై 14న నాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదు పశ్చిమ దిక్కున కొత్తగూడలో ఒక కార్యాలయ భవనాన్ని ప్రారంభించారు. దాని నిర్మిత వైశాల్యం సుమారు 20,000 చదరపు అడుగులు. సమీపంలోని సైబర్ టవర్స్‌తో పోలిస్తే అది పరిమాణంలో చాలా చిన్నది. అయినా అమెరికా హరిత భవన మండలి ఇచ్చే లీడ్ ప్లాటినం శ్రేణి అమెరికా వెలుపల మొట్టమొదట దక్కినది ఈ భవనానికే. సి.ఐ.ఐ. - సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమని దాని పేరు. భారతదేశంలో హరిత భవనాలకు శ్రేణులు నిర్ణయించే భారతీయ హరిత భవన మండలికి కూడా అదే ప్రధాన కార్యాలయం. ఇతరుల కట్టడాలకు మార్కులు వేసే సంస్థ ముందుగా తన కట్టడాన్నే పరీక్షకు నిలబెట్టిందన్నమాట.

ఈ భవనానికి తూర్పున, దుర్గం చెరువుకు ఆవలి గట్టున జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ఉన్నాయి. నేల స్వభావం రెండు చోట్లా ఒకటే. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు బండలు, వాటి నడుమ పలుచని మన్ను, వేసవిలో పగలంతా కాలి రాత్రి చల్లబడే రాతి నేల. కానీ ఈ రెండు ప్రాంతాలలో పెరిగిన పనిగదులు పరస్పర విరుద్ధమైనవి. ఒకటి వెలుతురును లోపలికి పిలిచి పేరు తెచ్చుకుంది. రెండవదానికి వెలుతురును, శబ్దాన్ని బయటనే నిలపడం వృత్తిధర్మం. హరిత కార్యాలయ చరిత్ర సాధారణంగా మొదటిదానితో మొదలై మొదటిదానితోనే ముగుస్తుంది. రెండవదానిని కూడా పక్కన పెట్టి చూసినపుడు ఆ చరిత్ర కొంత వేరుగా కనిపిస్తుంది.

2. వసారా, తడిక, పంఖా

యంత్రపు చల్లదనం రాకమునుపు తెలుగునాట కార్యాలయమంటే చాలావరకు ఇంటి రూపమే. కోస్తా జిల్లాల మండువా లోగిలిలో నడుమ ఆకాశానికి తెరిచిన చోటు, దాని చుట్టూ వసారా, వసారా వెనుక గదులు ఉంటాయి. వేడెక్కిన గాలి మండువా గుండా పైకి పోతే గదుల్లోకి వసారా నీడలోని గాలి వస్తుంది. కరణాల లెక్కలు, జమీందారుల కచేరీలు ఈ నీడలోనే నడిచాయి. హైదరాబాదులోని దేవిడీలలో కూడా లోపలి ముంగిలి చుట్టూ గదులు తిరిగి ఉండేవి. నిజాం ప్రభుత్వ కార్యాలయాలు అనేకం అటువంటి దేవిడీలలో పనిచేశాయి.

1908 మూసీ వరద తరువాత నగరంలో ప్రత్యేకంగా ప్రభుత్వ అవసరాలకు పెద్ద కట్టడాలు లేచాయి. 1920లో ప్రారంభమైన హైకోర్టు వాటిలో ప్రముఖమైనది. జైపూరుకు చెందిన శంకర్‌లాల్ రూపకల్పనను విన్సెంట్ ఎష్ కార్యరూపంలోకి తెచ్చారు. గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి దాని సామగ్రి. ఇటువంటి కట్టడాల మందపు గోడలు వేడిని మెల్లగా పీల్చి మెల్లగా వదులుతాయి. మధ్యాహ్నపు ఎండ లోపలి ముఖానికి చేరేసరికి సాయంకాలమై కచేరీ ముగుస్తుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న దక్కను పీఠభూమిలో రాత్రులు చల్లగా ఉంటాయి కనుక గోడ తెల్లవారేలోగా ఆ వేడిని వదిలించుకోగలదు. విజయవాడలోనో మచిలీపట్నంలోనో అదే గోడ ఇంత మేలు చేయదు.

వేసవిలో తలుపులకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదు గాలిలో తేమ తక్కువ. పొడిగాలి తడికలోని నీటిని ఆవిరి చేస్తూ తాను చల్లబడి లోపలికి వస్తుంది. జూన్‌లో వానలు పడి గాలి తేమెక్కగానే తడిక పని తగ్గిపోతుంది. ఈ పరిమితి గుర్తుంచుకోదగినది. ఎనభై తొంభై ఏళ్ల తరువాత కొత్తగూడలో గాలి గోపురాలు కట్టినవారు ఆశ్రయించినది కూడా ఈ సూత్రాన్నే.

అంతమాత్రాన ఆ కాలాన్ని కీర్తించనవసరం లేదు. అధికారి తలపై ఊగే పంఖా తాడును వసారాలో కూర్చుని లాగే మనిషికి ఆ గాలి తగిలేది కాదు. తడికపై నీళ్లు చల్లే మనిషి ఎండలోనే నిలబడేవాడు. పాత కార్యాలయపు చల్లదనంలో నిర్మాణ నైపుణ్యం ఎంత ఉందో, లెక్కకు రాని చాకిరీ కూడా అంత ఉంది. కిటికీ తెరవడం, మూయడం, బల్లను వెలుతురు వైపు జరుపుకోవడం మాత్రం గుమాస్తా మొదలుకొని ఎవరి చేతిలోనైనా ఉండేవి. తరువాతి కాలంలో పోయినది ఈ స్వేచ్ఛే.

కొండను తొలచకుండా కట్టడం కూడా నగరానికి కొత్తకాదు. బంజారాహిల్స్ అభివృద్ధికి కారకులైన మెహదీ నవాజ్ జంగ్ 1930లలో అక్కడ కట్టుకున్న ఇంట్లో సహజమైన బండలనే గోడలుగా కలుపుకున్నారు. తరువాతి దశాబ్దాలలో ఆ మార్గాన్ని అనుసరించినవారు తక్కువ.

3. కొండమీది సినిమా పనిగది

తెలుగు సినిమాకు హైదరాబాదులో 1950లలోనే సారథీ స్టూడియో రూపంలో అమీర్‌పేటలో చోటు ఏర్పడింది. అయినా పరిశ్రమ చాలాకాలం మద్రాసులోనే ఉంది. 1975లో శంకుస్థాపన జరిగిన అన్నపూర్ణ స్టూడియోను 1976 జనవరి 14న నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. అక్కినేని నాగేశ్వరరావు ఎన్నుకొన్న 22 ఎకరాల స్థలం అప్పటికి ఊరికి దూరంగా రాళ్లూ తుప్పలూ ఉన్న నేల. పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు, ఫిల్మ్ ఛాంబర్, ఫిల్మ్ నగర్ కాలనీ కాలక్రమంలో ఆ కొండలను సినిమా ఊరుగా మార్చాయి.

స్టూడియో ఫ్లోరు భవనచరిత్రలో ఒక విలక్షణమైన జాతి. ఎత్తైన కప్పు, కిటికీలు లేని గోడలు, శబ్దాన్ని పీల్చే లోపలి పూత. బయటి వెలుతురు పడితే దీపాల అమరిక చెడుతుంది, బయటి చప్పుడు వినిపిస్తే టేకు చెడుతుంది. టంగ్‌స్టన్ దీపాల కాలంలో ఒక్కొక్కటి 2, 5, 10 కిలోవాట్ల దీపాలు ఒకేసారి వెలిగేవి. అవి వాడే విద్యుత్తులో అధికభాగం వేడిగానే మారుతుంది. 10 కిలోవాట్ల దీపం ఒక్కటి వదిలే వేడిని బయటికి పంపాలంటే దాదాపు 3 టన్నుల శీతలయంత్రం కావాలి. సంభాషణ రికార్డు చేసే వేళ ఫ్యాను చప్పుడు కూడా పనికిరాదు కనుక దానిని ఆపక తప్పదు. ఆ కొద్ది నిమిషాలు అత్యధిక వేడి భరించేది దీపాలకు దగ్గరగా, పైన తట్టుల మీద ఉండే లైట్‌మన్లు. ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాక ఈ వేడి బాగా తగ్గింది. ఆ మార్పు సినిమాకు విద్యుత్తు ఆదాగానే కాక పనివాడి ఆరోగ్యానికి ఊరటగా కూడా వచ్చింది.

ఇక్కడొక వింత ఉంది. పల్లెటూరి కథలకు మండువా లోగిలి సెట్టు తెలుగు సినిమాలో తరచూ కనిపించేదే. నిజమైన మండువా గాలికీ వెలుతురుకూ పుట్టింది. సెట్టులోని మండువాను కిటికీలేని ఫ్లోరులో ప్లైవుడ్‌తో కట్టి, ఆకాశంనుంచి పడే ఎండను దీపాలతో సృష్టిస్తారు. నగరంలోని అసలు కార్యాలయాలలో మండువా మాయమవుతున్న దశాబ్దాలలోనే తెరమీద అది తెలుగు ఇంటికి చిహ్నంగా స్థిరపడింది.

ఫ్లోరుకంటే ఎక్కువమంది, ఎక్కువ గంటలు గడిపేవి చిన్న గదులు. నిర్మాతల ఆఫీసులు, కథా చర్చల గదులు, ఎడిటింగ్ గదులు, డబ్బింగ్ థియేటర్లు, ఇటీవలి కాలంలో రంగులు దిద్దే గదులు, గ్రాఫిక్స్ కేంద్రాలు. వీటిలో చాలా భాగం ఇళ్లుగా కట్టిన కట్టడాలలోనే నడుస్తాయి. తెరపైని రంగు సరిగా కనిపించాలంటే చీకటి కావాలి, శబ్దానికి మూసిన తలుపు కావాలి. కాబట్టి ఇంటి కిటికీకి ముందు నల్లని తెర, తరువాత ప్లైవుడ్ పలక, ఆపైన దూదిపరుపు వేస్తారు. గోడకు బిగించిన స్ప్లిట్ ఏ.సి. గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుందే తప్ప బయటి గాలిని తేదు. విడుదల తేదీ దగ్గరపడిన వారంలో ఆ గదిలో నలుగురైదుగురు పగలూ రాత్రీ కూర్చుంటే బొగ్గుపులుసు వాయువు పెరిగి తలనొప్పి, మగత, చదివిన వరుసనే మళ్లీ చదవడం సహజం. దానికి పని ఒత్తిడి అనే పేరు పెట్టడమూ అంతే సహజం.

4. మూసిన కిటికీ, అద్దపు గోడ

ఫిల్మ్ నగర్ గదులు వృత్తి అవసరం కోసం కిటికీ మూశాయి. ప్రపంచంలోని సాధారణ కార్యాలయాలు వేరొక కారణంతో మూశాయి. 1973 చమురు సంక్షోభం తరువాత చల్లబరిచిన లేదా వేడిచేసిన గాలి బయటికి పోవడం డబ్బు పోవడమేనని పాశ్చాత్య దేశాలలో భవనాలను బిగించసాగారు. అమెరికా శీతలీకరణ ఇంజనీర్ల సంఘమైన ఆష్రే 1981లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, పొగతాగని కార్యాలయంలో మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగుల బయటిగాలి చాలు. ఆ దశాబ్దంలోనే కళ్ల మంట, గొంతు పొడారడం, తలనొప్పి, అలసట అనే ఫిర్యాదులు కార్యాలయ ఉద్యోగులనుంచి పెరిగాయి. భవనంలో ఉన్నంతసేపు ఉండి, ఇంటికి పోగానే తగ్గే ఈ లక్షణాల సముదాయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. దానికి స్థిరపడిన పేరును తెలుగులో రుగ్ణభవన లక్షణమని చెప్పుకోవచ్చు. ఇక్కడ రోగి మనిషి కాదు, కట్టడం. 1989లో ఆష్రే ఆ 5 అడుగులను కార్యాలయాలకు 20 అడుగులుగా సవరించింది.

భారతదేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి 14.2 ఘనపు మీటర్ల చోటు ఉండాలని అంకెతో సహా చెప్పింది. బల్లముందు కూర్చునే ఉద్యోగికి ఆ చట్టం వర్తించేది కాదు. మగ్గం, యంత్రం, పొగగొట్టం ఉన్నచోటనే ఆరోగ్యానికి ముప్పు ఉంటుందని ఆ కాలం భావించింది.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ హైదరాబాదు కార్యాలయ రూపాన్ని మార్చింది. పది అంతస్తుల ఆ వలయాకార భవనానికి నడుమ తెరిచిన చోటు ఉంది. దాని తరువాత మాదాపూరు, గచ్చిబౌలి ప్రాంతాలలో లేచిన మేడలలో చాలావాటికి ఆ మాత్రం మండువా కూడా లేదు. అమెరికా వేళలకు రాత్రిపూట పనిచేసే ఉద్యోగికి పగటి వెలుతురు అక్కరలేదన్న తర్కం కూడా వాటి వెనుక ఉంది. చలిదేశంలో ఎండను లోపలికి తెచ్చుకోవడానికి పుట్టిన అద్దపు గోడ దక్కను ఎండలో తలకిందులైన పని చేసింది. ఎండ లోపలికి వచ్చింది, దానిని బయటికి తోయడానికి శీతలయంత్రం వచ్చింది, కళ్లకు కొట్టే వెలుగును ఆపడానికి తెరలు వచ్చాయి, తెరలు దించాక పట్టపగలు దీపాలు వెలిగాయి.

5. కొత్తగూడ భవనం

కొత్తగూడ కేంద్రం ఈ వాతావరణంలో పుట్టింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ హైదరాబాదు వచ్చిన సందర్భంలో దాని ఆలోచన ఒప్పందరూపం దాల్చింది. భారత పరిశ్రమల సమాఖ్య, నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్, అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ అందులో భాగస్వాములు. పారిశ్రామికవేత్త అయి ఉండి పర్యావరణానికి గొంతునిచ్చిన సొరాబ్జీ గోద్రెజ్ అదే సంవత్సరం మరణించగా ఆయన పేరే కేంద్రానికి పెట్టారు. 2001లో భారతీయ హరిత భవన మండలి ఏర్పడింది. భవనానికి రూపమిచ్చినవారు వడోదర వాస్తుశిల్పి కరణ్ గ్రోవర్.

అయిదెకరాల స్థలంలో భవనం వలయాకారంగా, నడుమ విశాలమైన ముంగిలితో ఉంటుంది. మండువాతో పరిచయమున్న తెలుగువారికి ఈ ప్రణాళిక వెంటనే అర్థమవుతుంది. గదులు సన్నగా ఉండి రెండు వైపులా తెరుచుకోవడం వల్ల లోపలి చోటులో 90 శాతానికి పగటి వెలుతురు, బయటి దృశ్యం అందుతాయి. ఎండ తగిలే నడవాల వెంబడి జాలీ గోడలున్నాయి. కుతుబ్‌షాహీ సమాధులలో, మసీదులలో జాలీని చూసినవారికి అది అలంకారంగా తోచవచ్చు. కానీ దాని మొదటి పని ఎండను ముక్కలు చేసి, గాలిని ఇరుకు సందులగుండా వేగంగా పంపడమే. అద్దాన్ని బహిష్కరించలేదు. ఎక్కువగా ఉత్తరానికి, అదీ రెండు పొరల నడుమ వాయువు నింపిన అద్దాన్ని వాడారు. ఉత్తరపు వెలుగులో ఎండ తక్కువ, వెలుతురు ఎక్కువ. చిత్రకారులకూ పాతకాలపు ఫోటో స్టూడియోలవారికీ తెలిసిన ఈ సంగతిని అద్దాల మేడలు మరిచాయి.

భవనంలో అందరి దృష్టిని ఆకర్షించేవి రెండు గాలి గోపురాలు. పైనుంచి లోనికి వచ్చే వేడిగాలి తడి గోడలను తాకి చల్లబడి, తరువాత శీతలయంత్రానికి చేరుతుంది. వట్టివేళ్ల తడిక చేసిన పనినే గోపురం చేస్తుంది, నీళ్లు చల్లే మనిషి అవసరం లేకుండా. వేసవి పొడిగాలిలో ఇది యంత్రపు భారాన్ని చాలావరకు తగ్గిస్తుంది. వానాకాలంలో సహజంగానే తక్కువ. అందుకే భవనం యంత్రాన్ని వదులుకోలేదు. యంత్రం మోయవలసిన బరువును ముందే తగ్గించింది. ఈ వివేకమే దాని అసలు విశేషమని చెప్పాలి. పూర్తిగా యంత్రరహితమైన కార్యాలయమని చెప్పుకొని, మే నెలలో ఉద్యోగులను ఉడికించిన ప్రయోగం అది కాదు.

మిద్దెపై సగానికి పైగా మన్ను పోసి మొక్కలు పెంచారు. కట్టడం వల్ల నేలమీద పోయిన పచ్చదనాన్ని పైకెత్తడం ఒక ఉద్దేశం, కప్పుకు ఎండ తగలకుండా చేయడం మరొకటి. ఒకటి రెండు అంతస్తుల భవనంలో వేడి అత్యధికంగా దిగేది మిద్దెనుంచే కనుక రెండవ ఉద్దేశమే బలమైనది. మిగిలిన కప్పుపై 23.5 కిలోవాట్ల సౌర పలకలు అమర్చారు. గోడలకు గాలి బుడగలున్న తేలిక ఇటుకలు, సామగ్రిలో థర్మల్ కేంద్రాల బూడిద చోటుచేసుకున్నాయి. మురుగునీరు భవనం దాటి పోదు. రెల్లు వంటి మొక్కల వేళ్ల మధ్య అంటుకొన్న సూక్ష్మజీవులు దానిని శుద్ధిచేస్తే ఆ నీరు తోటకు పారుతుంది. వాననీరు ఇంకే రాతిపలకలతో బాటలు వేశారు.

ఆరోగ్యానికి సంబంధించిన ఏర్పాట్లు పైకి కనిపించనివి. కొత్త కార్యాలయంలో అడుగుపెట్టగానే వచ్చే వార్నిషు వాసనను చాలామంది కొత్తదనానికి గుర్తుగా ఇష్టపడతారు. అది రంగులు, జిగురులు, తివాచీలనుంచి నెలల తరబడి ఆవిరయ్యే రసాయనాల వాసన. ఈ భవనంలో అటువంటివి తక్కువగా వదిలే రంగులనే ఎంచుకున్నారు. చల్లబరిచే గదుల్లోకి ఎల్లవేళలా కొంత బయటిగాలి పంపడం, లోపలి గాలి స్థితిని నిరంతరం కొలవడం, పొగతాగడాన్ని పూర్తిగా నిషేధించడం మిగిలినవి. స్ప్లిట్ ఏ.సి. గదిలో లేనిది సరిగ్గా ఇదే.

69 పాయింట్లకు 56 సాధించి 2003లోనే భవనం ప్లాటినం శ్రేణి పొందింది. అదే పరిమాణపు సాధారణ భవనంతో పోల్చితే విద్యుత్తు దాదాపు సగం ఆదా అవుతుందని లెక్క. నిర్మాణవ్యయం మాత్రం సుమారు 18 శాతం అధికమైంది. ఆ అదనపు వ్యయం ఏడేళ్లలో తిరిగి వస్తుందని అంచనా వేశారు. తరువాత గుర్‌గావ్‌లో వచ్చిన ఐ.టి.సి. భవనానికి ఈ అదనం 15 శాతం, విప్రో భవనానికి 8 శాతం. కొత్త సామగ్రి దేశంలో దొరకడం మొదలయ్యాక వ్యయం ఎంత త్వరగా దిగిందో ఈ మూడు అంకెలు చెబుతాయి. మొదటి భవనం కట్టినవారు తరువాతివారి ఖర్చు కొంత తాము భరించారని కూడా చెప్పవచ్చు.

6. పట్టిక చూసినది, చూడనిది

2007లో లీడ్ భారతీయ రూపం అమలులోకి వచ్చింది. అదే సంవత్సరం కేంద్ర ప్రభుత్వం ఇంధన పొదుపు భవన నియమావళిని ప్రకటించింది. పాయింట్ల పట్టిక వల్ల కలిగిన మేలు తక్కువది కాదు. హరితమన్న మాటకు కొలత వచ్చింది, సామగ్రికి బజారు వచ్చింది, యజమానికి చూపుకోదగిన ఫలకం వచ్చింది. చిక్కు ఫలకంతోనే మొదలైంది. ముంగిలి, జాలీ, సన్నని గదులు ఖరీదైన భూమిపై అద్దెకిచ్చే చోటును తగ్గిస్తాయి. మెరుగైన అద్దం, మెరుగైన శీతలయంత్రం, పొదుపు దీపాలు చోటు తినకుండా పాయింట్లు తెస్తాయి. కాబట్టి కొత్తగూడ భవనపు శ్రేణులు నగరమంతా వ్యాపించాయి గానీ, దాని ఆకారం వ్యాపించలేదు. మూసిన పెట్టె మూసిన పెట్టెగానే ఉండి పొదుపైన పెట్టె అయింది.

రెండవ చిక్కు ఉద్యోగి శరీరానికి సంబంధించినది. కార్యాలయంలో 22, 23 డిగ్రీలు ఉండాలన్న అలవాటు కోటు తొడుక్కునే దేశాలనుంచి వచ్చింది. హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో 2008లో మాధవి ఇంద్రగంటి జరిపిన క్షేత్రపరిశోధనలో జనం సుమారు 29 డిగ్రీల దగ్గర హాయిగా ఉన్నట్టు తేలింది. ఆమె సహపరిశోధకులతో కలిసి హైదరాబాదు, చెన్నై కార్యాలయాలలో చేసి 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, సహజ వాయుప్రసరణ ఉన్నచోట ఉద్యోగులకు హాయినిచ్చే ఉష్ణోగ్రత సుమారు 28 డిగ్రీలు, శీతలయంత్రం నడిచే చోట 26.4 డిగ్రీలు. కిటికీ తెరవగలగడం, ఫ్యాను వేసుకోగలగడం, నూలుబట్ట తొడుక్కోవడం మనిషి సహించే వేడిని పెంచుతాయి. ఆ ఏడాదే అహ్మదాబాదు సెప్ట్ విశ్వవిద్యాలయం రూపొందించిన భారతీయ హాయి నమూనా 2016 జాతీయ భవన నియమావళిలో చోటుచేసుకుంది. గదుల ఏ.సి.లు మొదట 24 డిగ్రీలకే సిద్ధమై ఉండాలన్న నియమం 2020 జనవరి 1నుంచి వచ్చింది. వసారాలో గుమాస్తాకు ఉండిన స్వేచ్ఛకు శాస్త్రీయమైన విలువ ఉన్నదని ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

మూడవది పాత గోడల సంగతి. ఆరవ నిజాం కాలంలో 1888లో కట్టిన సైఫాబాద్ ప్యాలెస్ సచివాలయంలో భాగంగా ఉండేది. 2020 జూలైలో పాత సచివాలయంతోపాటు దానిని కూల్చారు. ఆ స్థలంలో 2023 ఏప్రిల్ 30న ప్రారంభమైన కొత్త సచివాలయం హరిత భవన మండలి గోల్డ్ శ్రేణి పొందింది. కొత్త భవనం వాడే విద్యుత్తు, నీరు లెక్కలోకి వస్తాయి. నూటముప్పై ఏళ్లు నిలిచిన గోడలో అప్పటికే ఖర్చయిన రాయి, సున్నం, శ్రమ ఆ లెక్కకు బయట ఉండిపోతాయి. ఇందుకు విరుద్ధమైన ఉదాహరణ రాజ్‌భవన్ రోడ్డులోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంధన పొదుపు నియమావళి రూపకల్పనకు తోడ్పడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 1905 నాటి బెల్లా విస్టా రాజభవనంలో నడుస్తోంది.

7. నియమానికి అందని గది

ఆ నియమావళిని 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తప్పనిసరి చేసింది. 1,000 చదరపు మీటర్ల స్థలం గానీ 2,000 చదరపు మీటర్ల నిర్మాణం గానీ ఉన్న వాణిజ్య భవనాలకు అది వర్తిస్తుంది. 1,000 చదరపు మీటర్లంటే సుమారు 1,200 గజాలు. ఫిల్మ్ నగర్‌లో 300, 500 గజాల ఇంట్లో నడిచే సినిమా ఆఫీసు ఈ గీతకు చాలా దిగువన ఉంటుంది. పైగా నియమం కొత్త నిర్మాణం కోసం పుట్టింది. ఇల్లుగా అనుమతి పొంది, తరువాత కిటికీలు మూసుకొని ఎడిటింగ్ కేంద్రమైన కట్టడం ఏ దశలోనూ దాని ముందుకు రాదు. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించిన చల్లని కప్పుల విధానం నివాసేతర భవనాలన్నింటికీ, 600 గజాలు దాటిన స్థలంలోని ఇళ్లకూ ఎండను తిప్పికొట్టే కప్పును తప్పనిసరి చేసింది. ఏటా వేసవికి ముందు మిద్దెకు సున్నం కొట్టే పాత అలవాటుకు ఇది ప్రభుత్వ రూపం. దీనిలోనూ ఫిల్మ్ నగర్ ఇల్లు రెండు పద్దుల మధ్య నిలుస్తుంది. కాగితం మీద 600 గజాలు దాటని నివాసం, వాడుకలో కార్యాలయం.

2020లో కరోనా వచ్చినపుడు ఈ అంతరం బయటపడింది. ఆ ఏప్రిల్‌లో భారతీయ శీతలీకరణ ఇంజనీర్ల సంఘం ఇష్రే గదిని 24 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని, ఏ.సి. నడిచేటపుడు కూడా కిటికీలు కొద్దిగా తెరవాలని, బయటిగాలి రానిచోట ఫ్యానుతో గాలిని బయటికి తోయాలని సూచించింది. కొత్తగూడ తరహా భవనంలో ఇది ఒక మీట తిప్పే పని. ప్లైవుడ్ కొట్టిన కిటికీ ఉన్న డబ్బింగ్ గదిలో గోడ పగలగొట్టే పని. మైకు ముందు ఒకరి తరువాత ఒకరు నిలబడి గొంతెత్తి మాట్లాడే ఆ గదికే బయటిగాలి అవసరం అందరికంటే ఎక్కువ.

శబ్దం రాకుండా గాలి రావడం అసాధ్యమైన కోరిక కాదు. పెద్ద రికార్డింగ్ థియేటర్లలో గాలిని వెడల్పైన గొట్టాలగుండా నెమ్మదిగా, లోపల దూదిపరుపు వేసిన మలుపులు తిప్పి పంపుతారు. గాలి వేగం తగ్గితే చప్పుడు తగ్గుతుంది. మలుపుల్లో వీధి శబ్దం ఇంకిపోతుంది. చిన్న గదికి ఇదే పద్ధతిని చిన్న కొలతలో అమర్చవచ్చు. వసారా వైపు గోడలో మలుపులున్న ఒక పెట్టె, దాని చివర నెమ్మదిగా తిరిగే ఫ్యాను, గదిలో బొగ్గుపులుసు వాయువును చూపే అరచేతి కొలమానం. అంకె 1,000 దాటితే విరామం ఇచ్చి తలుపు తీయాలన్న నియమం. మిద్దెకు తెల్లపూత, దానిపై కొద్దిపాటి తోట. రంగులు దిద్దే చీకటి గదిలో పనిచేసేవారికి గంటకొకసారి వెళ్లి నిలబడడానికి, మూసివేయని ఒక వసారా. ఇళ్లుగా కట్టిన ఈ కట్టడాలలో వసారాలు చాలావాటికి ఇంకా ఉన్నాయి. సీసాలూ, పాత హార్డ్ డిస్కులూ, విప్పిన సెట్టు పలకలూ వాటిలో నిండి ఉంటాయి.